జేబులో నలభై వేల పాటలు

యూసుఫ్‌గూడ మెట్రో స్టేషన్ మెట్లెక్కుతున్న ఏ కుర్రాణ్నయినా ఆపి, "నీ దగ్గర ఏం పాటలున్నాయి నాయనా?" అని అడగండి. "అన్నీ ఉన్నాయి అంకుల్" అంటాడు, చెవిలోంచి ఆ తెల్ల బుడిపె తీయకుండానే. వచ్చే నెల చందా కట్టకపోతే అందులో ఒక్కటీ వాడిది కాదు. నేనీ మాటంటే నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఈ యూసుఫ్‌గూడ తెలుగు పాట పుట్టే చోటు. ఇటు కృష్ణానగర్, ఇందిరానగర్, అటు శ్రీనగర్ కాలనీ, పైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. పాట కట్టేవాళ్లు, రాసేవాళ్లు, ట్రాక్ పాడేవాళ్లు, కోరస్‌కు పోయేవాళ్లు అందరూ ఈ చుట్టుపక్కలే. ఇక్కడ కూడా పాటను సొంతంగా దాచుకున్న మనిషి కనబడకపోతే ఇంకెక్కడ కనబడతాడు?

మా రోజుల్లో పాట కావాలంటే తిరగాలి. అమీర్‌పేటలో, కృష్ణానగర్‌లో క్యాసెట్ రికార్డింగ్ షాపులుండేవి. తెల్లకాగితం మీద పాటల పేర్లు వరసగా రాసి, ఖాళీ క్యాసెట్టుతో పాటు ఇచ్చి వస్తే, రెండు రోజులాగి రమ్మనేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు ఆరేడు పాటలు పట్టేవి. చివరి పాట రెండో చరణంలో టేపు అయిపోతే మనసు ఉసూరుమనేది. అందుకని ముందే నిమిషాలు లెక్కేసుకుని రాసేవాళ్లం. ఏ పాట ఎన్ని నిమిషాలో, ఏ పాట పక్కన ఏ పాట నిలబడుతుందో అప్పుడే తెలిసింది. సాలూరి వారి పాట తర్వాత పెండ్యాల గారి పాట వేయొచ్చు. ఆ వెంటనే చక్రవర్తి గారి డిస్కో పాట వేస్తే మూడూ చెడతాయి. ఇది ఎవరూ నేర్పలేదు. కాగితం, క్యాసెట్టు నేర్పాయి.

తర్వాత ఎంపీ3 సీడీలొచ్చాయి. నిమిషం పాటకు దాదాపు ఒక ఎంబీ, అయిదు నిమిషాల పాటకు అయిదు. ఒక్క సీడీలో నూట ముప్ఫై, నూట నలభై పాటలు. ఆ పైన హార్డ్ డిస్క్ ప్లేయర్లు. సింగపూర్ కంపెనీ క్రియేటివ్ 2000లోనే 6 జీబీ జ్యూక్‌బాక్స్ తెచ్చింది గానీ అది సీడీ ప్లేయరంత ఉండేది, జేబులో పట్టేది కాదు. 2001 అక్టోబరు 23న ఆపిల్ వాళ్లు ఐపాడ్ చూపించారు. 5 జీబీ, వెయ్యి పాటలు. దాని లోపల తోషిబా వాళ్ల 1.8 అంగుళాల డిస్కు. ఆ డిస్కు అస్తమానం తిరిగేది కాదు. కొన్ని పాటలను ఒక్కసారిగా 32 ఎంబీ మెమరీలోకి లాక్కుని ఆగిపోయేది, అవి అయ్యాక మళ్లీ లేచేది. అందుకే పది గంటలు మోగింది. బస్సులో గుంత వచ్చినా పాట తొణకలేదు.

మన ఇళ్లకు అది అమెరికా నుంచే వచ్చింది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో కొడుకో, అల్లుడో, బావమరిదో సెలవులకు వస్తూ సూట్‌కేసులో చాక్లెట్ల మధ్య పెట్టి తెచ్చిందే. 2007లో క్లాసిక్ అని పేరు పెట్టి 160 జీబీ దింపారు. కంపెనీ లెక్కన నలభై వేల పాటలు. 2009 నాటి క్లాసిక్ 140 గ్రాములు తూగేది, ముప్ఫై ఆరు గంటలు పాడేదని కంపెనీ మాట. తెలుగు టాకీ 1932లో మొదలైంది కదా, అప్పటినుంచి మనం దాచుకోదలిచిన పాటలన్నీ పోసినా ఇంకా చోటు మిగిలేది. ఆ చోటే నాకు ముఖ్యం.

ఎందుకంటే ఆ మిగిలిన చోటులో బజారులో దొరకనివి పెట్టుకున్నాం. ఆకాశవాణి విజయవాడ భక్తిరంజనిని టేపు మీద పట్టినవి. రేడియో నాటకాలు. ఊళ్లో వినాయక చవితి పందిట్లో వేసిన కురుక్షేత్రం, హరిశ్చంద్ర పద్యాలు. మా నాన్న తెల్లవారుజామున పాడుకునే తత్వాలు, మా అమ్మ పెళ్లిళ్లలో పాడిన మంగళహారతులు. పాత టేపుల నుంచి వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, బుసబుసలు కాస్త తగ్గించి, ప్లేయర్లో ఘంటసాల పాటల పక్కనే పెట్టుకున్నాం. ఆ పెట్టెలో మా అమ్మ పేరు కూడా గాయనీమణుల వరసలో వచ్చేది. మా పై వాటాలో ఉండే అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు "అన్నీ ఉన్నాయి కదా బాబాయ్ ఫోన్లో" అంటాడు. అన్నీ అంటే ఎవరి అన్నీ? కంపెనీ హక్కులు కొన్నవే వాళ్ల అన్నీ. మా అమ్మ హారతికి హక్కులెవరు కొంటారు?

నింపుకోవడం కూడా తేలిక పని కాదు. ఐట్యూన్స్ స్టోరు మన దేశానికి వచ్చింది 2012 డిసెంబరులో. అంతదాకా సీడీ కొనుక్కోవాలి, కంప్యూటర్లో పెట్టాలి, పాటగా మార్చాలి, ఒక్కోదానికీ వివరాలు టైపు చేయాలి. ఆ వివరాలే నన్ను మనిషిని చేశాయని చెప్పగలను. సినిమా పేరు, సంవత్సరం, పాడినవారు, స్వరపరచినవారు. పాట రాసినవారికి మాత్రం అందులో గడి లేదు! అమెరికావాడికి ఆ అవసరం తోచలేదు. వ్యాఖ్యలు రాసుకునే గడిలో పింగళి, సముద్రాల, ఆత్రేయ, వేటూరి, సిరివెన్నెల అని ఒక్కో పాటకూ నేనే కొట్టుకున్నాను. మాయాబజార్ (1957) దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తెర మీద సంగీతం ఘంటసాల గారిది. నాలుగు పాటల బాణీలు మాత్రం సాలూరి రాజేశ్వరరావు గారు ముందే కట్టి తప్పుకున్నారన్నది పరిశ్రమలో అందరికీ తెలిసిందే. ఆ నాలుగింటికీ సాలూరి వారి పేరు వేశాను. ఎవరి పని వారికి చెల్లించాలి కదా.

ఇప్పటి యాప్‌లు తీసి చూడండి. పాట కింద పాడినవాళ్ల పేరుంటుంది. పాతపాటైతే అది కూడా ఒక్కోసారి తప్పే. జానకి గారిది సుశీల గారికి, సుశీల గారిది జానకి గారికి. ఒకే పేరుతో రెండు సినిమాలుంటే సంవత్సరం కొత్త సినిమాది, బొమ్మ పాత సినిమాది. రాసినవారి పేరు కోసం మూడు చుక్కలు నొక్కి, లోపలికి పోయి వెతకాలి. అక్కడా ఖాళీయే కావచ్చు. నాటు నాటుకు 2023లో ఆస్కార్ ఇచ్చినప్పుడు వేదిక మీద కీరవాణి గారి చేతిలో ఒకటి, చంద్రబోస్ గారి చేతిలో ఒకటి పెట్టారు. పరాయి దేశంవాడు మన పాటకు కవి ఉన్నాడని గుర్తించాడు. కవులు కాపురముండే ఈ పేటల్లో ఆ పాట వినేవాడి ఫోనుకు మాత్రం ఆ సంగతి పట్టదు.

ప్లేయరుకు ఇక్కడ ఇంకో విలువ కూడా ఉండేది, బయటివాళ్లకు తెలియనిది. మ్యూజిక్ సిట్టింగ్‌లో డైరెక్టరు గారు "ఆ పాత సినిమాలో వాన పాటుంది చూడు, రెండో బీజీఎంలో ఫ్లూట్ బిట్, అలాంటి ఫీల్" అంటారు. ఏ సినిమా అని అడిగితే గుర్తుండదు. పక్కన కూర్చున్న అసిస్టెంటు జేబులోంచి ఐపాడ్ తీసి, బొటనవేలితో చక్రం తిప్పి, ఆ బిట్టు వినిపిస్తే వాడి మాటకు ఆ రోజునుంచి బరువు పెరిగేది. వినిపించగలిగింది పెట్టె గొప్పతనం వల్ల కాదు, ప్రతి పాటా వాడే ఎక్కించాడు గనక. నేలమాళిగలో ఉండే సౌండ్ థియేటర్లలో ఫోను సిగ్నలు అందదు. ఇప్పుడైతే అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకుని మెట్ల మీదికి వెళతారు. దొరికాక ముందు ప్రకటన వస్తుంది. అది అయ్యేసరికి డైరెక్టరు గారి మూడ్ మారిపోయి ఉంటుంది.

అలాంటి పెట్టె ఎలా పోయిందంటే, మెల్లగా కాదు. 2008 ఆర్థిక సంవత్సరంలో ఆపిల్ ఒక్కటే దాదాపు అయిదు కోట్ల నలభై ఎనిమిది లక్షల ఐపాడ్లు అమ్మింది. అప్పటికే ఐఫోను వచ్చేసింది. మైక్రోసాఫ్ట్ జూన్ (Zune) అనే ప్లేయరుతో 2006లో దిగి అయిదారేళ్లకే దుకాణం కట్టేసింది. 2014 సెప్టెంబరులో క్లాసిక్‌ను ఆపేశారు. విడి భాగాలు ప్రపంచంలో ఎక్కడా దొరకడం లేదని, కొత్తగా తయారు చేద్దామంటే అడిగేవాళ్లు కొద్దిమందేనని కంపెనీ పెద్ద టిమ్ కుక్ చెప్పారు. ఆ కొద్దిమందిలో నేనూ ఉన్నాను. చివరికి 2022 మే నెలలో ఐపాడ్ టచ్ కూడా పోయింది.

హైదరాబాదులో అసలు దెబ్బ మాత్రం 2016 సెప్టెంబరులో పడింది. అంతకు ముందు ఒక జీబీ డేటా అంటే రెండు వందల పైమాట. జియో వచ్చి నెలల తరబడి ఉచితంగా పోసింది. కృష్ణానగర్‌లో మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించే చిన్న షాపులు ఫోను కవర్లు, స్క్రీన్ గార్డుల షాపులయ్యాయి. ఆ తర్వాత ఫోను కంపెనీలు దాచుకునే దారులు ఒక్కొక్కటే మూశాయి. 2016లో ఐఫోను 7 నుంచి ఇయర్‌ఫోను రంధ్రం తీసేశారు. 2021లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్21లో కార్డు పెట్టే చోటే లేదు. చోటు కావాలంటే ఎక్కువ డబ్బు పెట్టి పెద్ద ఫోను కొను, లేదా నెలనెలా మాకు కట్టు. ఇదే వాళ్ల మాట.

నెలనెలా కట్టే పాట ఎలాంటిదంటే గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాల్సిన అద్దె వాటాలాంటిది. ఇది కోపంతో అంటున్న మాట కాదు, జరిగినవే చెబుతున్నాను. 2019లో స్పాటిఫై మన దేశంలో అడుగుపెట్టింది. పాత హెచ్‌ఎంవీ పాటలన్నీ ఇప్పుడు సారెగామావి. ఇద్దరికీ పొసగక కోర్టు దాకా పోయారు, ఆ పాటలు అందులోంచి తీసేశారు. మళ్లీ ఏడాదికి ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది పాటు ఘంటసాల గారిని వినాలనుకున్న వాడు ఏం చేయాలి? 2024లో జీ మ్యూజిక్ పాటల విషయంలోనూ అదే జరిగింది. గూగుల్ ప్లే మ్యూజిక్‌లో జనం తమ సొంత పాటలు ఎక్కించుకున్నారు, 2020లో దాన్ని మూసేశారు. 2024లో ఎయిర్‌టెల్ వింక్‌ను ఆపుతున్నామంది. దాంట్లో ఏళ్లతరబడి వరస పేర్చుకున్న జాబితాలు ఎవరికి పనికొస్తాయి? 2023లో స్పాటిఫై ఇక్కడ ఉచితంగా వినేవాళ్లకు పాటను వెనక్కి తిప్పే వీలు కూడా తీసేసింది. కోరస్‌కు పోయే పిల్లలు పాట నేర్చుకునేదే వెనక్కి తిప్పి తిప్పి. ఒక్క గమకం పట్టుబడేదాకా అదే చోట పదిసార్లు వింటారు. డబ్బు కట్టలేని పిల్లే పాట నేర్చుకోవాల్సిన పిల్ల. దాని చేతిలోంచే ఆ మీట లాక్కున్నారు.

కొత్తదాంట్లో మంచి లేదనను. మా మనవరాలు అడిగిన పాట రెప్పపాటులో తెస్తుంది. నేను ఏళ్లపాటు వెతికిన 1950ల పాటలు కొన్ని యూట్యూబ్‌లో దొరికాయి, పెట్టిన పుణ్యాత్ములకు దండం. హార్డ్ డిస్కు ప్లేయరు సుకుమారం, కింద పడితే టిక్కు టిక్కుమని ప్రాణం వదిలేది. ఇప్పుడు కొందరు పాత క్లాసిక్‌లు విప్పి, డిస్కు తీసేసి, ఎస్‌డీ కార్డు పట్టే బోర్డు బిగించుకుంటున్నారు. తోషిబా డిస్కు కంటే అది గట్టిది. సోనీ ఇంకా వాక్‌మన్ పేరుతో ప్లేయర్లు తెస్తోంది, ఫియో లాంటి చైనా కంపెనీలూ చేస్తున్నాయి. ధర మాత్రం జూనియర్ ఆర్టిస్టు కొనగలిగేది కాదు. 2017లో సారెగామా కార్వాన్ తెచ్చింది, అయిదు వేల పాటలు నింపి. ముసలివాళ్లు మురిసిపోయి కొన్నారు. పాట ఇంట్లో ఉండాలనే కోరిక చావలేదని దానితోనే తేలింది. ఆ అయిదు వేలూ ఏవి ఉండాలో కంపెనీయే నిర్ణయించింది, అంతే తేడా.

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ఆడియో కంపెనీలవాళ్లకు నేను చెప్పేది ఇదీ. పాటను మాకు అమ్మండి. అద్దెకు వద్దు, దొంగతనంగానూ వద్దు. మంచి నాణ్యతలో ఫైలు ఇచ్చి ధర చెప్పండి, కొనుక్కుంటాం. దానితోపాటు సినిమా పేరు, సంవత్సరం, రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, కోరస్, వేణువు ఎవరు, వీణ ఎవరు, అన్నీ తెలుగు అక్షరాల్లో పెట్టండి. రికార్డింగ్ రోజు ఎవరెవరు వచ్చారో డబ్బులిచ్చిన మీ పుస్తకాల్లోనే ఉంటుంది కదా. పాతవాటికి ఆ వివరాలు లేవంటారా, ఆ రోజుల్లో వాయించినవాళ్లు, టేపులు మోసినవాళ్లు ఈ చుట్టుపక్కలే ఇంకా ఉన్నారు, వాళ్లుండగానే అడిగి రాసుకోండి. మీ ఆఫీసులు మా వీధి నుంచి ఆటోలో పది నిమిషాలు. తప్పు పేర్లు పడ్డ పాటల జాబితా, సరైన పేర్లతో సహా నా దగ్గర రాసి ఉంది. ఎప్పుడు రమ్మంటే అప్పుడు పట్టుకొస్తాను.