గౌరీపర్వతం ఏ స్టేషన్లో వస్తుంది?

కిరండూల్ పాసింజరు కొత్తవలస దాటేసరికి నా ఎదుటి సీట్లో ముగ్గురు కుర్రాళ్లు శివగామీదేవి మీద విచారణ మొదలుపెట్టారు. ఆవిడ చేసిన నేరం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉండటం. 2015, 2017 బాహుబలి సినిమాల్లో మాహిష్మతిని కంటికి రెప్పలా కాచిన రాజమాత. ఆనంద్ నీలకంఠన్ నవలల్లోనేమో, తండ్రి ప్రాణం తీసిన ఆ రాజ్యాన్ని నాశనం చేస్తానని ఐదేళ్ల వయసులో ఒట్టు పెట్టుకున్న పిల్ల.

‘‘సినిమాదే కేనన్ రా. నవల లెక్కలోకి రాదు.’’

‘‘సినిమా వాళ్లే దగ్గరుండి రాయించుకున్నాక ఎందుకు రాదు?’’

‘‘మరి నెట్‌ఫ్లిక్స్ సిరీసు?’’ అన్నాడు మూడోవాడు. తీసి, నచ్చక, మళ్లీ తీసి, చివరికి అటకెక్కించిన ఆ సిరీసును చూసిన ప్రేక్షకుడు భూమ్మీద లేడు. అయినా దాని తరఫున వాదించడానికి ఒక ప్లీడరున్నాడు!

నాకు తెలిసిన కేనన్ జెరాక్సు షాపులో ఉండేది. వీళ్ల కేనన్ వేరు. అధికారికంగా జరిగింది అని అర్థమట. అంటే, అసలేమీ జరగని చోట జరిగింది ఏదో తేల్చడం.

ఈ జబ్బు అమెరికాలో బాగా ముదిరింది. స్టార్ వార్స్ మొదటి సినిమా వచ్చిన మరుసటేడే, 1978లో, దానికి ఒక పిల్ల నవల పుట్టింది. ఇవాక్‌లని, ఎలుగుబంటి పిల్లల్లాంటి అడవి జనం మీద 1984, 85ల్లో రెండు టీవీ సినిమాలొచ్చాయి. ఇక నవలలంటారా, అల్మారాలు చాలలేదు. 2012లో డిస్నీ స్టార్ వార్స్ తీసిన కంపెనీని కొనుక్కుంది. 2014 ఏప్రిల్‌లో, అంతవరకూ వచ్చిన నవలలన్నీ ‘లెజెండ్స్’ అని ప్రకటన ఇచ్చింది. మన తెలుగులో చెప్పాలంటే పుక్కిటి పురాణాలు. ముప్పై ఐదేళ్లుగా డబ్బు పెట్టి కొనుక్కు చదివినవాళ్లు ఒక్క పూటలో పుక్కిటి పురాణ పండితులైపోయారు. పాపం, కొందరింకా తేరుకోలేదు.

మనకిదేం కొత్త విద్య కాదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ ఎక్కడుంది? 1957లో ‘మాయాబజార్’ చూసినవాళ్లెవరైనా ఇది కేనన్ కాదని టికెట్టు డబ్బులు వెనక్కి అడిగారా? మన అమ్మమ్మలు ఊర్మిళాదేవి నిద్ర పాడుకుంటే వాల్మీకి తరఫున నోటీసులేమీ రాలేదు. పిల్ల కథలు పెట్టుకోవడంలో మనం అందరికంటే ముందున్నాం. వాటికి కుల ధ్రువీకరణ పత్రాలు అడగడం ఒక్కటే కొత్తగా నేర్చుకున్నాం.

కాసేపటికి సొరంగాలు మొదలయ్యాయి. మొత్తం యాభై ఎనిమిదంటారు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె పెట్టె అంతా కేకలు. వెలుగు రాగానే మావాళ్లు వాయిదా పడిన కేసు మళ్లీ చేపట్టేవారు. ఈలోగా ‘కల్కి 2898 ఏడీ’ కూడా బోనెక్కింది. సినిమా 2024 జూన్ 27న వస్తే, బుజ్జి అనే కారు మీద రెండు భాగాల బొమ్మల సిరీసు అంతకు నాలుగు వారాల ముందే వచ్చిందట. అది చూడకుండా సినిమా చూసినవాడిది చూపే కాదని తీర్పు. ఆ లెక్కన నాదీ కాదు. నేను సగంలో నిద్రపోయాను కూడా.

చిమిడిపల్లి దగ్గర గౌరీపర్వతం వచ్చింది. కిటికీలో కాదు, వాదనలో. నవలల్లో అదొక కొండ. దాన్ని దేవతగా కొలిచే వైతాళికులనే అడవి తెగ ఉంది. ఆ కొండలో దొరికే రాళ్ల పొడితోనే మాహిష్మతి కత్తులకు అంత బలం. అందుకని రాజ్యం కొండను పట్టుకుంది, తెగ తిరగబడింది. ‘‘సినిమాలో ఆ కొండ ఊసే లేదు. కాబట్టి లేనట్టే’’ అని ఒకడు కొట్టిపారేశాడు. రెండోవాడు ఫోనులో మాహిష్మతి పటం తీసి వేలితో పెద్దది చేస్తూ వెతుకుతున్నాడు.

బొర్రా గుహల స్టేషన్లో బండి ఆగింది. నా నోరు ఊరుకోలేదు.

‘‘బాబూ, ఆ కొండ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జులై 11న తీర్పొచ్చింది. సమత కేసంటారు.’’

‘‘సమత ఎవరంకుల్? హీరోయినా?’’

స్వచ్ఛంద సంస్థ అని చెప్పాను. ఈ బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో తవ్వకాల లీజుల మీద పోరాడిందనీ, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గనుల కోసం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని కోర్టు చెప్పిందనీ చెప్పాను. గాలికొండ, రక్తకొండ అని ఈ వరసలోనే బాక్సైటు కొండలున్నాయన్నాను.

‘‘అయితే ఇది కేననే కదా’’ అన్నాడు పటం కుర్రాడు, మర్యాదకి.

‘‘కేననే నాయనా. రీబూట్లే ఎక్కువ.’’

అబద్ధమేం కాదు. బాహుబలి మొదటి భాగం వచ్చిన ఏడాదే, నవంబరులో, చింతపల్లి వైపు జెర్రెల కొండల్లో బాక్సైటు తవ్వకానికి అటవీ భూమి అప్పగిస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. మన్యం భగ్గుమంది. 2019లో దాన్ని రద్దు చేశారు. జీవో పుక్కిటి పురాణమైంది. బాక్సైటు మాత్రం కొండలోనే ఉంది, సీక్వెల్ కోసం.

కుర్రాళ్లు రెండు నిమిషాలు విన్నారు. ఆ తర్వాత కరకవలస సొరంగం వచ్చింది, కేకలేశారు.

అరకులో దిగాం. ప్లాట్‌ఫారం చివర ఇద్దరు ఆడవాళ్లు గంపలు దించుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు. ‘‘అచ్చం కిలికిలా ఉంది కదరా!’’ అన్నాడొకడు. ముగ్గురూ నవ్వారు. కిలికి అంటే బాహుబలిలోని కాలకేయుల కోసం మదన్ కార్కి కల్పించిన భాష. మొదట 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు. 2020లో దానికి సొంత వెబ్‌సైటు ప్రారంభించారు. ముహూర్తం ఏదనుకున్నారు? ఫిబ్రవరి 21, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం! కాలకేయుల తల్లులెవరో నాకు తెలియదు గానీ, ఆ ఆడవాళ్లది కూబి కావచ్చు, కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు. కొండదొరల కూబికి భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యాకరణం రాస్తే 1969లో అచ్చయింది. ముప్పై ఏళ్లుగా విశాఖలో ఉంటున్న నాకు అందులో ఒక్క ముక్క రాదు. ఆ కుర్రాళ్లకి కిలికి వచ్చు. ఆ మేరకు వాళ్లే నయం.

వాళ్లు బొంగులో చికెన్ వెతుక్కుంటూ వెళ్లిపోయారు. నవల మూడో భాగం సీటు మీదే వదిలేశారు. బాబులూ, ఇది మీ కంటపడితే వచ్చి పట్టుకెళ్లండి. భద్రంగానే ఉంచాను. మీకు ఇచ్చేలోగా చదివేస్తాను కూడా. ఆ కొండ చివరికి ఎవరికి దక్కిందో చూడాలి.