వెండి వడియాలు

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు ఇంజను చప్పుడు వింటారు, టైర్లు తడుముతారు, ఇన్సూరెన్సు కాగితం తిరగేసి మరగేసి చూస్తారు. డిక్కీ మీద ఏం రాసుందో మాత్రం పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. సిల్వర్ రంగు ఆల్టో 800, వెనకద్దం కింద ఎర్రటి రేడియం స్టిక్కర్ అక్షరాలు: ‘అత్తామామల దీవెన’.

పాత యజమానికి ఆ దీవెన నిజంగానే అంది ఉండొచ్చు. నాకు అందింది బ్యాంకు దీవెన. నెల తిరగ్గానే జీతంలోంచి కోసుకుపోయే రకం. ఆ సంగతి వెనకొచ్చే బండివాడికి ఎలా తెలుస్తుంది? ఆఫీసులో పక్క సీటాయన "పెళ్ళై ఇన్నేళ్ళయినా లాంఛనాలు ముడుతూనే ఉన్నాయన్నమాట, అదృష్టవంతులండీ" అన్నాడు. పెట్రోలు బంకు కుర్రాడు పైకే చదివి, నావైపు చూసి, మళ్ళీ చదివాడు. మా ఆవిడకి మాత్రం అది తెగ నచ్చింది. "ఉండనివ్వండి, మా పుట్టింటివాళ్ళకి గౌరవంగా ఉంటుంది" అంది. మామగారైతే కారు చూడ్డానికి వచ్చి, ఆ అక్షరాల మీద చెయ్యేసి, పైసా పెట్టకుండా అల్లుడికి కారు కొనిచ్చిన మనిషి తృప్తితో తల ఊపారు.

ఆ తల ఊపు చూశాకే స్టిక్కర్ పీకేద్దామని నిర్ణయించుకున్నాను.

ఆటోనగర్లో తెలిసిన పెయింటింగ్ మేస్త్రిని అడిగితే, స్టిక్కర్ తీసి కాస్త కాంపౌండ్ కొట్టడానికి 300 రూపాయలన్నాడు. బెజవాడ ఆటోనగర్ అంటే ఉత్త ఛాసిస్ మీద లారీ బాడీ మొత్తం కట్టి పంపే చోటు. అక్కడ ఈ పని టీ తాగేలోపు అయిపోతుంది. "స్టిక్కర్ పీకడానికి మూడొందలా!" అని బండి తిప్పుకుని ఇంటికొచ్చేశాను. ఇక్కడినుంచి నేను పెట్టిన ఖర్చంతా ఆ మూడొందలు మిగుల్చుకోవడానికి పెట్టిందే.

పద్ధతి తెలియక కాదు. వేడి తగిలితే స్టిక్కర్ జిగురు మెత్తబడుతుంది. ఒక మూల పట్టుకుని, పైకి పీక్కుండా వెనక్కి మడిచినట్టు నిదానంగా లాగితే అక్షరం ఒక్క ముక్కగా ఊడొస్తుంది. వేడి గాలికి మా అమ్మాయి హెయిర్ డ్రయ్యరు అరువు తెచ్చుకుని చివరినుంచి మొదలుపెట్టాను. ‘న’ వచ్చింది. ‘వె’ వచ్చింది. ‘దీ’ కూడా వచ్చింది. ఇంత సులువైన పనికి మూడొందలడిగిన మేస్త్రిని తలుచుకుని జాలిపడుతుండగా కరెంటు పోయింది.

కరెంటు వచ్చేసరికి అమ్మాయి డ్రయ్యరు లాక్కుని కాలేజీ ఫంక్షనుకి తయారవుతోంది. నాకు ఆఫీసు వేళైంది. కారు వెనక మిగిలింది ‘అత్తామామల’. ఇదివరకు వాళ్ళది దీవెన ఒక్కటే. ఇప్పుడు కారే వాళ్ళదైపోయింది. ఆ అక్షరాలతో బెంజి సర్కిల్ దాటుతుంటే ఊరందరి కళ్ళూ నా డిక్కీ మీదే ఉన్నట్టనిపించింది.

ఇక డ్రయ్యరు కోసం ఆగలేక అట్లకాడ అందుకున్నాను. కారు రంగంటే ఏమిటో కొంచెం చెప్పాలి. రేకు మీద ప్రైమరు, దాని మీద అసలు రంగు, ఆ పైన మెరుపు కోసం క్లియర్ కోటు. అన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకి అటూఇటూగా ఉంటుంది. అట్లకాడకి ఈ లెక్కలు తెలియవు. దోసె కింద ఎంత శ్రద్ధగా దూరేదో అక్షరాల కిందా అంతే శ్రద్ధగా దూరింది.

అక్షరాలు పోయి జిగురు మిగిలింది. జిగురు మీద కొబ్బరినూనె రాసి కాసేపు నాననిస్తే గుడ్డతో తుడుచుకుపోతుందట. ఈ మాట మా పనమ్మాయి చెప్పేసరికి నేను నెయిల్ పాలిష్ రిమూవరు సీసా ఖాళీ చేసి కూర్చున్నాను. చాలా రిమూవర్లలో ఉండేది ఎసిటోన్. దానికి గోరుకీ కారుకీ తేడా లేదు, ఎదురొచ్చిన రంగునల్లా కరిగిస్తుంది. జిగురు పోయింది, దాంతోపాటు మెరుపూ పోయింది. డిక్కీ మీద అరచేతులంతేసి మసక మచ్చలు తేలాయి. ఇంతా చేస్తే, చుట్టూ ఉన్న రంగు ఏళ్ళ తరబడి ఎండకి వెలిసింది గానీ స్టిక్కర్ కింద ఉన్నది వెలవలేదు. అంచేత సాయంత్రం ఏటవాలు ఎండ పడితే మచ్చల మధ్యనుంచి ‘దీవెన’ నిక్షేపంగా చదవొచ్చు. మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివి, "పెద్దవాళ్ళ మాట అంత తేలిగ్గా చెరగదండీ" అంది.

దాంతో స్ప్రే డబ్బా కొనక తప్పలేదు. సిల్వరే కదా అని కొట్టుకి వెళితే, "ఏ సిల్వర్ సార్?" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఒక్క సిల్వర్లోనే ఇన్ని కులగోత్రాలుంటాయని అప్పుడే తెలిసింది. మా బండిది ‘సిల్కీ సిల్వర్’. ఆ పేరున్న డబ్బాయే తెచ్చాను. అయినా కలవలేదు, కలవదు కూడా. మెటాలిక్ రంగులో అల్యూమినియం పలుకులుంటాయి. డబ్బా ఎంత దూరాన ఉంది, చెయ్యి ఎంత వేగంగా కదిలింది, పూత ఎంత తడిగా పడింది అన్నదాన్నిబట్టి ఆ పలుకులు ఒకలా కాకపోతే మరోలా పడుకుంటాయి. అవి పడుకున్న తీరునుబట్టి అదే రంగు ఒకచోట లేతగా, ఒకచోట ముదురుగా కనిపిస్తుంది. చిన్న మచ్చకి కూడా మేస్త్రీలు ప్యానెల్ మొత్తం కొడతామనేది ఇందుకే. వాళ్ళు డబ్బు గుంజుతున్నారని నేను చుట్టపక్కాలందరికీ చెబుతూ వచ్చాను.

వేసవి. అత్తగారూ మామగారూ మా ఇంట్లోనే ఉన్నారు. పోర్టికోలో కారు, దాని పక్కనే ఎండలో మడతమంచం మీద పాత చీర పరిచి అత్తగారు పెట్టిన బూడిద గుమ్మడికాయ వడియాలు. అద్దానికీ లైట్లకీ పాత పేపర్లు కప్పి మాస్కింగ్ టేపు అంటించాను. జానెడు దూరం నుంచి కొట్టాలి, పలచగా కొట్టాలి, పొర ఆరాక పొర వెయ్యాలి. డబ్బా మీద బొమ్మలతో సహా ఉంది. మొదటి పొర బొమ్మలో ఉన్నట్టే వేశాను. మరీ పలచగా ఉన్నట్టనిపించి రెండోది దగ్గరనుంచి దండిగా వేశాను. అది ధార కట్టి నంబరు ప్లేటు దాకా జారింది. ఆ ధారని కప్పెయ్యాలన్న కంగారులో మూడోది గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా వేశాను.

కారు సంగతి అలా ఉంచి ముందు వడియాల సంగతి చెప్పాలి. రంగంటే అలా అంటాలి! ఒక ధార లేదు, ఒక మచ్చ లేదు, పలుకులన్నీ ఒకే తీరున పడుకున్నాయి. వెండి రేకు అద్దిన మిఠాయిల్లా మంచం నిండా తళతళలాడుతున్నాయి. అత్తగారు బయటికొచ్చి, కొంగు బుగ్గకి ఆనించుకుని చాలాసేపు చూసి, "ఇవి వేయించుకోవాలా అల్లుడుగారూ, పూజలో పెట్టుకోవాలా?" అన్నారు. మామగారు లోపలికి వెళ్ళి రైళ్ళ టైములు చూడ్డం మొదలుపెట్టారు. డిక్కీ మీది దీవెనని నేను పని పెట్టుకుని చెరపనక్కర్లేదని, తనే చెరిగిపోయే వేళైందని అప్పుడర్థమైంది.

మా బావమరిది ఆలోచనలు నాకంటే భారీగా ఉంటాయి. అద్దాలకి నల్ల ఫిల్ము వేద్దాం బావా అన్నాడు. సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న ఫిల్ములొద్దని తీర్పిచ్చిందని చెప్పి తప్పించుకున్నాను. ముందు స్టీలు గార్డు పెట్టిద్దామన్నాడు. 2017 డిసెంబరులో కేంద్రం వాటినీ వద్దంది. పోనీ రంగే మార్చేద్దామన్నాడు. రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుంది అన్నాను. అన్నాక నాకే గొంతులో పచ్చివెలక్కాయ పడింది. డిక్కీ మీద ఇప్పుడున్నది ఆర్‌సీలో రాసున్న సిల్వరేనా? ఈ ప్రశ్న ఏ అధికారినీ అడగదలచుకోలేదు. నంబరు ప్లేటు మీదికి జారిన ధారని తుడిచాను గానీ ప్లేటు విప్పలేదు. హై సెక్యూరిటీ ప్లేటుకి వెనకవైపు స్నాప్ లాకులు బిగిస్తారు, పగలగొడితే తప్ప రావు. నాబోటివాళ్ళు దేశంలో ఇంకా ఉన్నారని ప్రభుత్వానికి ముందే తెలిసినట్టుంది.

అన్నీ ఓటములే కాదు. హెడ్‌లైట్లు పసుపెక్కితే టూత్‌పేస్టుతో రుద్దాను. ఈ కాలం లైట్లకి ముందుండేది గాజు కాదు, పాలికార్బొనేట్. ఎండకి పైపూత చెడి పచ్చబడుతుంది. తెల్ల పేస్టులో ఉండే సన్నటి గరుకు పొడి ఆ పచ్చ పొరని అరగదీస్తుంది. అద్దంలా తేలిందని రాత్రిపూట లైట్లు వేసి గోడ మీద వెలుగు అందరికీ చూపించాను. పొద్దున్నే ఇంట్లో పళ్ళు తోముకోవడానికి పేస్టు లేదన్నది చిన్న విషయం. అసలు తిరకాసు ఏమిటంటే, పచ్చదనంతోపాటు ఎండని కాచే పూత కూడా అరిగిపోతుంది. పైన మళ్ళీ క్లియర్ కోటు వెయ్యకపోతే ఈసారి ఇంకా తొందరగా పసుపెక్కుతాయి. ఎక్కాయి. ఇప్పుడు మా నెలసరుకుల చిట్టాలో పేస్టుకి రెండు పద్దులు: ‘ఇంటికి’, ‘ఆయనకి’.

వాషర్ నీళ్ళు చిమ్మకపోతే నాజిల్‌ని గుండుసూదితో పొడిచి బాగుచేశాను. ఇప్పుడు బ్రహ్మాండంగా చిమ్ముతాయి, అద్దం మీద తప్ప. ఆల్టో ఎత్తు తక్కువ కదా, టాపు మీదుగా వెళ్ళి వెనకొచ్చే స్కూటరాయన మీద పడతాయి. డోర్ ప్యాడ్ విప్పి బిగించినప్పుడల్లా మిగిలిపోయే క్లిప్పులు, స్క్రూలు ఒక పచ్చడి సీసాలో దాస్తున్నాను. కారు వాటిని వదిలేసి కూడా నడుస్తోందంటే, కంపెనీవాళ్ళు ఉదారంగా ఎక్కువే వేశారని నా వాదన.

ఒక్క పనికి మాత్రం నన్ను నేనే మెచ్చుకుంటాను. పిట్టగోడకి తగిలి వెనక బంపరు సొట్టపోతే, రెండు చెంబుల మరిగే నీళ్ళు పోసి, గుడ్డ చుట్టుకున్న చేత్తో లోపలినుంచి నెట్టాను. ‘టప్’ అని యథాస్థానానికి వచ్చేసింది. వెంటనే చన్నీళ్ళు పోశాను. బంపరు ప్లాస్టిక్కు కాబట్టి వేడికి లొంగింది. ఆ గెలుపు తలకెక్కి, మర్నాడు డోరు సొట్ట మీద కూడా చెంబుడు మరిగే నీళ్ళు పోశాను. రేకు లొంగలేదు, నా కాలు కాలింది.

చివరికి, తీర్థయాత్రకి ఈ డిక్కీతో రానని మా ఆవిడ భీష్మించుకోవడంతో ఆటోనగర్ వెళ్ళక తప్పలేదు. తనూ వచ్చి పక్క సీట్లోంచి దిగింది. మేస్త్రి డిక్కీ చుట్టూ తిరిగి, వంగి, గోటితో గీసి చూశాడు. గోరు తగలకుండా జారితే గీత పైపైదే, కాంపౌండ్‌తో పోతుంది. గోరు దిగబడింది.

"ఎవడు సార్ చేసింది?"

"గన్నవరం వైపు... ఒక కుర్రాడు."

"కుర్రాడా! చేతులు కట్టేసి కొట్టాలి వాణ్ణి. రేకు దాకా గీకేశాడు. దేంతో గీకాడో!"

"అట్లకాడతో అయ్యుంటుంది" అంది మా ఆవిడ.

"ఇలాంటివాళ్ళ వల్లే సార్ మా పనికి చెడ్డపేరు. ఇదిగో ఇక్కడ చూడండి, ఆరకుండానే మళ్ళీ కొట్టాడు. కంగారు మనిషి. వాడికి ఇంట్లో ఏ పనీ చెప్పరనుకుంటా."

"చెప్పరు" అంది మా ఆవిడ.

నేను అవునవునంటూ ఆ గన్నవరం కుర్రాణ్ణి మేస్త్రితోపాటు తిట్టాను. కొంచెం గట్టిగానే తిట్టాను. ప్యానెల్ మొత్తం గీకి, లప్పం పెట్టి, వాటర్ పేపర్ పట్టి, రంగు కొట్టడానికి 3,500 అన్నాడు. బేరమాడలేదు. అతను కింద కూర్చుని బంపరు తడిమి, లోపలికి చెయ్యి పెట్టి చూసి, ఆగాడు.

"ఈ సొట్ట తీసింది కూడా వాడేనా?"

"వాడే!" అన్నాను, కుర్రాడి తరఫున ఛాతీ పొంగిస్తూ.

"ఇది బాగా చేశాడు సార్. రంగు జోలికి పోకపోతే వాడికి చెయ్యి ఉంది. పంపించండి, హెల్పరుగా పెట్టుకుంటాను."

మా ఆవిడ ముందుకొచ్చింది. "జీతం ఎంతిస్తారండీ?"

"మొదటి మూడు నెల్లూ టీ, టిఫినే అమ్మా" అన్నాడు మేస్త్రి, నా వేళ్ళ సందుల్లో ఇంకా వదలని సిల్వర్ రంగు వైపు చూస్తూ.