ఫైల్ మాకు వదిలేయుండ్రి సార్

హనుమకొండ నక్కలగుట్టలో ఏ మెట్లెక్కినా పైన ఒక కన్సల్టెన్సీ తగులుతుంది. కింద టిఫిన్ సెంటర్, పైన అమెరికా. 2023లో మా చెల్లె కొడుకును వెంటబెట్టుకుని నేనూ అలాంటి మెట్లే ఎక్కాను. చల్లటి ఏసీ, గాజు టేబుల్, గోడ నిండా స్వేచ్ఛాదేవత. మార్కుల మెమోలు కవర్లోంచి ఇంకా తీయనేలేదు, ఎదుటి కుర్చీలోని టై కట్టుకున్న అబ్బాయి ఆ మాట అనేశాడు: "ఫైల్ మాకు వదిలేయుండ్రి సార్. మొత్తం మేం చూసుకుంటం."

మన దగ్గర పెళ్లి వంటల మేస్త్రీ, బోరు వేసేవాడు, రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట కూర్చునే డాక్యుమెంట్ రైటరు అందరూ ఇదే అంటారు. వాళ్లు చూసుకున్నాక ఏం జరుగుతుందో మనకు తెలుసు. అయినా ఆ మాట చెవిన పడగానే నెత్తి మీది మూట దించినట్టుంటుంది. ఆ రోజు నాకూ అలాగే అనిపించింది. అడ్వాన్సు కట్టి, కిందికి దిగి ఇడ్లీ తిని ఇంటికొచ్చాం.

ముందుగా వాళ్లు చూసుకున్నది మా ఊరి పేరు. మావాడి పుట్టిన సర్టిఫికెట్‌లో హన్మకొండ, వరంగల్ జిల్లా. ఆధార్‌లో వరంగల్ అర్బన్. పాస్‌పోర్టులో హనుమకొండ. 2016లో జిల్లాను చీల్చారు, 2021లో పేరు మార్చారు. వేయిస్తంభాల గుడి మాత్రం 1163 నుంచి ఉన్నచోటే ఉంది. "అక్కడోళ్లు మూడు ఊర్లనుకుంటరు సార్" అని భయపెట్టాడు టై అబ్బాయి. హన్మకొండ, హనుమకొండ రెండూ ఒకటే ఊరని స్టాంపు కాగితం కొని అదాలత్ దగ్గర నోటరీ చేయించాం. ఆ కాగితాన్ని ఇప్పటిదాకా అడిగిన నాథుడు లేడు. అడగాల్సిన చోట అడిగింది వేరే. పాస్‌పోర్టు ఫారం నింపి పెట్టినాయన (ఆయనా చూసుకుంటానన్నవాడే) ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, పేరు మొత్తం ఒకే గడిలో కుక్కాడు. దాంతో వీసాలో మావాడి సొంత పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడింది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. మా చెల్లె ఆ వీసా చేతిలో పట్టుకుని అడిగింది: "తెలియకపోవుడేంది అన్నా? పేరు పెట్టింది నేనే కదా?"

తర్వాత ఎస్‌వోపీ. ఎందుకు చదవాలనుకుంటున్నాడో కుర్రాడు తన మాటల్లో రాసుకోవాల్సిన వ్యాసం అది. తన మాటలు తప్ప మిగతావన్నీ అందులో ఉన్నాయి. చిన్నప్పుడు తాతయ్య వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లాడట, అక్కడ స్తంభాలు లెక్కపెడుతుండగా మావాడికి డేటా అనలిటిక్స్ మీద మక్కువ పుట్టిందట. మా నాన్న ఆ పిల్లాడు పుట్టకముందే పోయాడు. అదే నెల ఎదురింటి అమ్మాయి సివిల్ ఇంజనీరింగ్‌కు అప్లై చేసింది. వాళ్ల తాతయ్య కూడా అదే గుడికి తీసుకెళ్లాడు, ఆమెకు స్తంభాల మీద మక్కువ పుట్టింది. కాకతీయులు కట్టిన గుడి ఇన్ని శాఖల బీటెక్ వాళ్లకు పనికొస్తుందని రుద్రదేవుడు కలగని ఉండడు.

డబ్బు సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అందులో నా వేలు కూడా ఉంది. బీటెక్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం మీసేవలో తీసుకున్న కాగితం ప్రకారం మా బావ ఏడాది ఆదాయం లక్షన్నర. నాలుగేళ్ల తర్వాత సీఏ ఇచ్చిన కాగితం ప్రకారం ఆయన ఆస్తి కోటీ ఇరవై లక్షలు. ఈ నాలుగేళ్లలో మా బావ చేసిన వ్యాపార విస్తరణ ఏమిటంటే, కిరాణా కొట్టు షట్టరుకు నీలం రంగు వేయించడం. రెండు కాగితాల మీదా గుండ్రటి ముద్ర ఉంది. రెండూ ఒకే బీరువాలో, ఒకే ప్లాస్టిక్ కవర్లో, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ఇక షో మనీ. ఎవరిదో డబ్బు మా బావ ఖాతాలోకి విజిట్ వీసా మీద వచ్చినట్టు వచ్చి, బ్యాంకు లెటరు చేతికి రాగానే వడ్డీతో సహా వెళ్లిపోయింది. స్పాన్సరు అఫిడవిట్‌లో మేనమామగా సంతకం పెట్టింది నేను. ఈ వ్యాసంలో నీతులు చెబుతున్నది కూడా నేనే, ఆ మాట గుర్తుపెట్టుకునే చదవండి.

ఆ ఫైలును భద్రకాళి అమ్మవారి ముందు పెట్టి, కుంకుమ అద్దించుకుని, మావాడు కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లాడు. వీసా వచ్చింది. అప్పుడు వీసా ఫీజు 185 డాలర్లు, విదేశీ విద్యార్థుల రికార్డులకని కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు. కన్సల్టెన్సీ ఫీజు రూపాయల్లోనే అయినా ఆ రెండింటికీ చెల్లెలేం కాదు.

రెండేళ్లు గడిచాయి. 2025 వేసవిలో ఓ రాత్రి ఒంటిగంటకు ఫోన్. "మామా, ఓపీటీ పెట్టాలె. మన కన్సల్టెన్సీ వాళ్లను ఒకసారి అడుగుతవా?"

ఓపీటీ అంటే చదువు అయ్యాక ఆ చదువుకు సంబంధించిన పని ఏడాదిపాటు చేసుకోనిచ్చే అనుమతి. సైన్సు, ఇంజనీరింగ్ లాంటి కోర్సులైతే మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. 2023-24లో అమెరికాలో ఉన్న 3,31,602 మంది మన దేశపు విద్యార్థుల్లో 97,556 మంది ఈ ఓపీటీ మీదే ఉన్నారు. పద్ధతి బ్రహ్మవిద్యేమీ కాదు. యూనివర్సిటీలో డీఎస్‌వో అని ఒక అధికారి ఉంటారు. ఆమె సిఫారసు చేసి ఐ-20 అనే పత్రం కొత్తది ఇస్తుంది. ఆ సిఫారసు పడిన 30 రోజుల్లోపు ఐ-765 అనే ఫారం పెట్టాలి. కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి ముగిశాక 60 రోజుల దాకా గడువు. ఆన్‌లైన్‌లో అయితే ఫీజు 470 డాలర్లు. మావాడికి డీఎస్‌వో కూర్చునే గది నడిచి వెళ్లేంత దూరంలో ఉంది, సలహాకు పైసా తీసుకోదు. ఆమెను వదిలేసి ఎనిమిది వేల మైళ్ల అవతల నక్కలగుట్టను అడగమంటున్నాడు. ఎందుకురా అంటే, "వాళ్లకు మొత్తం తెలుసు మామా, నా ఫైల్ వాళ్ల దగ్గరే ఉంది" అన్నాడు. తన ఫైల్లో ఏముందో తనకు తెలియని ఎంఎస్ పట్టభద్రుడు!

కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్‌పేలో డబ్బు పడగానే చూసుకున్నారు. ఫారంలో సీ3బీ అని ఉండాల్సిన చోట సీ3ఏ అని పెట్టి పంపారు. ఏ అంటే చదువు ముగియకముందు చేసే పని, బీ అంటే ముగిశాక చేసే పని. ఒక్క అక్షరం. గడువుకు తొమ్మిది రోజులుందనగా డీఎస్‌వో కంటపడింది కాబట్టి బతికిపోయాడు.

ఓపీటీ కార్డు వచ్చాక కూడా ఈ చూసుకోవడం ఆగదు. ఓపీటీ మొదలైన నాటి నుంచి ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. ఆ లెక్క భయానికి అక్కడి మనవాళ్లు కొందరు దుకాణం తెరిచారు. జీతం ఉండదు, పని ఉండదు, ఆఫర్ లెటరు మాత్రం ఉంటుంది, దానికి ఎదురు డబ్బు మనమే కట్టాలి. వాళ్లే రాసిచ్చే రెజ్యూమెలో నిన్న డిగ్రీ అందుకున్న పిల్లాడికి ఏడేళ్ల అనుభవం. 24 నెలల పొడిగింపుకు ఐ-983 అనే కాగితంలో ఏం నేర్చుకుంటాడో, ఎవరు నేర్పుతారో కంపెనీ, విద్యార్థి కలిసి రాసి సంతకాలు చేయాలి. అది కూడా నింపి ఇస్తారట, పిల్లాడు ఏం నేర్చుకోబోతున్నాడో పిల్లాడికి చెప్పకుండానే.

నిజాయితీగా దగ్గర కూర్చోబెట్టి, పిల్లల చేతే ఫారం నింపించేవాళ్లు మన ఊళ్లో లేరని అనను. ఒకరిద్దరిని ఎరుగుదును. వాళ్ల దగ్గర గాజు టేబుళ్లు లేవు, జనమూ లేరు.

చూసుకుంటామన్నవాళ్లు చూసుకుంటే ఎలా ఉంటుందో మనకు రెండుసార్లు తెలిసొచ్చింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. అక్కడి పిల్లల్లో అత్యధికులు మనవాళ్లే. కాగితాల ప్రకారం సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లోని ఒకే ఒక్క అపార్ట్‌మెంట్‌లో కాపురం ఉన్నారు! మన పిల్లల్లో కొందరి కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ వంతు. తరగతుల్లేవు, పంతుళ్లు లేరు. ఆ యూనివర్సిటీని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే, వల వేయడానికి. అందులోకి పిల్లల్ని తోలినందుకు కేసు పెట్టిన ఎనిమిది మందివీ తెలుగు పేర్లే. మొదటి విడతలోనే వందకు పైగా మన దేశపు విద్యార్థుల్ని పట్టుకెళ్లారు. అక్కడ కూడా ఎవరో ఒకరు "మేం చూసుకుంటం" అనే ఉంటారు.

వీసా దరఖాస్తు డీఎస్-160 చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ ఫారం నింపడంలో మీకెవరైనా సాయం చేశారా? మావాడి ప్రింటవుట్ తీసి చూశాను. 'లేదు' అని ఉంది. ఆ 'లేదు' నొక్కింది టై అబ్బాయి. ఐ-765 చివర్లో అయితే ఒక భాగమే ఉంది. దరఖాస్తుదారు కాక వేరెవరైనా ఫారం తయారు చేస్తే తమ పేరు, సంస్థ, ఫోన్ నంబరు రాసి సంతకం చేయాలి. ఆ పేజీ ప్రింటు తీసుకుని మొన్న మళ్లీ ఆ మెట్లెక్కాను. టై అబ్బాయి ఇప్పుడు మేనేజరు. కాగితం చదివాడు, వెనక్కి తిప్పాడు, వెనక ఏమీ లేదని మళ్లీ ముందుకు తిప్పాడు.

"ఇది మేం పెట్టం సార్. ఇదంతా స్టూడెంట్ బాధ్యత."

మీ పిల్లల కోసం మీరూ ఆ మెట్లు ఎక్కేటట్టయితే, అడ్వాన్సు కట్టకముందే ఆ పేజీ తీసి గాజు టేబుల్ మీద పెట్టండి. పెన్ను కూడా మీరే ఇవ్వండి.