మార్వెల్ మామయ్య

మా బావమరిది మనల్ని సినిమాకి తీసుకెళ్లడు, తయారు చేసి పంపిస్తాడు. 2019 జులైలో ‘స్పైడర్‌మ్యాన్: ఫార్ ఫ్రమ్ హోమ్’ వచ్చినప్పుడు టికెట్ల కంటే ముందు నా ఫోన్‌కి సిలబస్ వచ్చింది. ముందు ‘సివిల్ వార్’, ఆ తర్వాత ‘హోమ్‌కమింగ్’, ‘ఇన్ఫినిటీ వార్’, ‘ఎండ్‌గేమ్’. వరుస తప్పకూడదు. మార్వెల్ వాళ్ల గొలుసులో ఇది 23వ సినిమా అట. “అసలైతే అన్నీ చూడాలి బావా, నీకు తీరిక ఉండదని కుదించాను” అన్నాడు, ఏదో ఉపకారం చేసినట్టు.

వీడిది బ్యాంకు ఉద్యోగం. బంగారం తాకట్టు కౌంటర్లో కూర్చుంటాడు. తూకంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా గాజులు వెనక్కి తోసేస్తాడు. అంత అనుమానపు మనిషీ, సాలెపురుగు కుట్టి ఒక కుర్రాడికి గోడలెక్కే శక్తి వచ్చిందంటే మారు ప్రశ్న వెయ్యడు. నేను వేస్తే, “అది 1962లోనే స్టాన్ లీ, స్టీవ్ డిట్కో తేల్చేశారు బావా” అంటాడు. రిజిస్ట్రేషన్ అయిపోయిన ఆస్తి గురించి ఇప్పుడు గొడవేమిటన్న గొంతు అది.

హాల్లో నా పక్క సీటే తీసుకుంటాడు. తెర మీద మనిషి కనపడ్డం పాపం, వాడు ఇదివరకు ఏ సినిమాలో ఎవర్ని కొట్టాడో నా చెవిలో పడాల్సిందే. తెలుగులోనూ వచ్చింది కదరా, అది చూద్దామంటే, “డబ్బింగ్‌లో ఆ ఫీల్ ఉండదు” అని ఇంగ్లిష్ ఆటకే లాక్కెళ్లాడు. మా అత్తగారు మాత్రం మనవరాల్ని వెంటబెట్టుకుని హాయిగా తెలుగులో చూసొచ్చారు. ఆవిడకొచ్చిన సందేహాలు మాకు రానేలేదు. ‘ఇన్ఫినిటీ వార్’లో విలన్ థానోస్ చిటిక వేస్తే సగం లోకం మాయమైంది కదా, అయిదేళ్ల తర్వాత తిరిగొచ్చిన పిల్లలు ఏ వయసువాళ్లు ఆ వయసులోనే ఉన్నారు, చదివిన క్లాసే మళ్లీ మొదట్నుంచి చదువుతున్నారు. “కట్టిన ఫీజు చెల్లుతుందా, మళ్లీ కట్టాలా?” అనడిగారు. మా వాడి దగ్గర జవాబు లేదు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

కథ సంగతికొస్తే, ఐరన్‌మ్యాన్ టోనీ స్టార్క్ చనిపోయాడు. ఆయన బరువు ఎవరు మోస్తారని లోకమంతా స్పైడర్‌మ్యాన్ వైపు చూస్తోంది. ఆ ముసుగులో ఉన్న పదహారేళ్ల పీటర్ పార్కరేమో స్కూలు వాళ్లతో యూరప్ టూరుకి బయల్దేరాడు. వాడి కోరికలు చిన్నవి. విమానంలో తోటి విద్యార్థిని ఎమ్‌జే పక్కన కూర్చోవాలి, వెనిస్‌లో ఆ పిల్లకో గాజుపువ్వు గొలుసు కొనాలి, పారిస్‌లో ఈఫిల్ టవరెక్కి మనసులో మాట చెప్పాలి. ఇంతలో గూఢచారుల పెద్ద నిక్ ఫ్యూరీ దిగబడి టూరు మొత్తాన్ని ప్రాగ్‌కి మళ్లించేస్తాడు. ఇక పారిస్ ఊసే లేదు.

అక్కడ మా వాడి చేతిరుమాలు బయటికొచ్చింది. “పదహారేళ్లు బావా! పసివాడు! నాలుగు రోజులు నవ్వుకోనివ్వరా? ఆ ఫ్యూరీ అచ్చం నువ్వే.”

నేనేం మాట్లాడలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ నెలలోనే, సరిగ్గా పదహారేళ్ల మా అమ్మాయి, స్నేహితురాళ్లతో అరకు వెళ్తానని అడిగింది. నేను సరే అనబోతుంటే పై వాటాలోంచి ఈ మేనమామ దిగొచ్చాడు. “ఇంటర్ సెకండియర్లో టూరేమిటే? ఎంసెట్ మీ నాన్న రాస్తాడా?”

“మరి పీటర్ వెళ్లాడుగా మామయ్యా!”

“వాడికి ఎంసెట్ లేదు.”

స్టార్క్ పోతూ పోతూ ఆ కుర్రాడికి కళ్లద్దాలు వదిలి వెళ్తాడు. పెట్టుకుని ఒక్క మాటంటే చాలు, ఆకాశంలోంచి డ్రోన్లు దిగొస్తాయి. పీటర్ టూరు బస్సులోనే తోటి విద్యార్థి ప్రాణం మీదకి తెస్తాడు. ఆ తర్వాత ఈ బరువు నావల్ల కాదని, బెక్ అనే మాయగాడు పెద్దమనిషిలా కనిపిస్తే, అద్దాలు వాడి చేతిలో పెట్టేస్తాడు. “పిల్లల చేతికి అలాంటివి ఎవరైనా ఇస్తారా?” అని మా వాడి ఆవేదన. నిజమే, వీడు వైఫై పాస్‌వర్డే ఇవ్వడు.

సినిమా అయిపోయి పేర్లు మొదలయ్యాయని నేను లేస్తే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. చీపుర్లవాళ్లు వచ్చి మా కాళ్ల దగ్గర నిలబడ్డారు. చిట్టచివర తేలిందేమిటంటే, మనం ఇంతసేపూ చూసింది ఫ్యూరీని కాదు, ఆయన వేషంలో ఉన్న ఇంకో గ్రహంవాణ్ణి. అంటే నన్ను పోల్చిన మనిషి అసలు మనిషే కాదు. మాట వెనక్కి తీసుకుంటాడేమోనని చూశాను. “‘కెప్టెన్ మార్వెల్’ చూసుంటే నీకిది ముందే అర్థమయ్యేది” అన్నాడు. అది నీ లిస్టులో లేదు కదరా అంటే, “ఆప్షనల్ అని కింద రాశానుగా!”

అప్పట్నుంచి నాకూ ఈ రోగం అంటుకుంది. సంక్రాంతి సినిమాకి వెళ్లినా లైట్మెన్ పేర్లు అయ్యేదాకా లేవను. మా ఆవిడ చెప్పులు వేసుకుని మెట్ల మీద నిలబడి నన్నూ, తన తమ్ముణ్ణీ కలిపి తిడుతుంది.

ఆ ఆగస్టులో స్పైడర్‌మ్యాన్ విషయంలో సోనీకీ డిస్నీకీ చెడిందని వార్త వచ్చింది. మా వాడు సెలవు పెట్టేశాడు. “మరి పిల్లాడు ఎవరి దగ్గరుంటాడు?” అని అత్తగారు అడిగారు. సెప్టెంబరులో వాళ్లు రాజీపడితే వీధి చివరి షాపు నుంచి జిలేబీ తెచ్చి పంచాడు. ఎవరి పెళ్లి కుదిరిందని పక్కింటివాళ్లు వాకబు చేశారు.

ఇంత విసిగించే మనిషే, కరోనా మూలంగా మరుసటేడు సెప్టెంబరుకి జరిగిన ఎంసెట్ రోజున మాస్కు కట్టుకుని, శానిటైజర్ సీసా చేత్తో పట్టుకుని, మా అమ్మాయి బయటికొచ్చేదాకా సెంటర్ గేటు దగ్గర నిలబడ్డాడు. నేను ఆఫీసులో ఉన్నాను.

2021 డిసెంబరులో ‘నో వే హోమ్’ వచ్చింది. ముందురోజు రాత్రి ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి పాత కథ అప్పజెప్పాడు. పీటరే స్పైడర్‌మ్యాన్ అని లోకానికి తెలిసిపోయింది, హత్యానేరం నెత్తిన పడింది. అత్తగారు చిక్కుళ్లు ఈనెలు తీస్తూనే ఉన్నారు. రేపటి సినిమాలో వేరే విశ్వాల్లోని విలన్లు ఊడిపడతారట. చిక్కుళ్లు సాగుతూనే ఉన్నాయి. “ఇంకా ఘోరం ఏంటంటే అమ్మా, ఈ గొడవల వల్ల వాడికీ వాడి స్నేహితులకీ ఎం.ఐ.టి.లో సీటు రాలేదట.”

ఆవిడ చేట పక్కన పెట్టేశారు.

“అయ్యో! మేనేజ్‌మెంట్ కోటాలో ఏమన్నా ఉందేమో కనుక్కోమనరా.”