డిఫరెన్సు పోయింది

కుయ్య్‌మంటోంది. 40 దాటితే మొదలు, 50 దగ్గర పూనకం. 60 దాకా ఎప్పుడు వెళ్ళింది గనక! పన్నెండు రోజులుగా ఇదే పాట. పెడన నుంచి బందరు పది కిలోమీటర్లే అయినా, ఈ కచేరీతో కాశీయాత్రలా ఉంది. మా ఆవిడ బస్సెక్కడం మొదలెట్టింది.

పాత డీజిలు పికప్పు. ఏ కంపెనీదో చెప్పను. ఇరవై రెండేళ్ళు మా అద్దకం బట్ట మోసినదాన్ని పేరుపెట్టి ఆడిపోసుకోవడం పాపం.

"డిఫరెన్సు పోయింది బాబాయ్," అన్నాడు మేస్త్రి, బండి కిందనుంచి తల బయటపెట్టకుండానే.

పుస్తకాల్లో దాన్ని డిఫరెన్షియల్ అంటారు. షెడ్డుల్లో ఆ పేరు కొస ఎప్పుడో అరిగి రాలిపోయింది. ఈ డిఫరెన్సు సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఎద్దుబండికి దీంతో పనిలేదు. ఇరుసు కదలదు, ఏ చక్రం తిరుగుడు దానిది. మోటారు బండి అలా కాదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెంటినీ ఒకే ఇరుసుకి బిగిస్తే టైర్లు ఈడ్చుకుపోతాయి. అందుకని నడుమ ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టారు, "నువ్వు కాస్త తొందరగా పద, నువ్వు నెమ్మదించు" అంటూ సర్దిచెప్పడానికి.

ఇంతవరకూ ధర్మంగానే ఉంది. ఆ పెద్దమనిషి అసలు రంగు బురదలో బయటపడుతుంది. మొన్న వానకి కాలవగట్టున ఎడమ చక్రం ఒండ్రులో దిగింది. కుడిది నిక్షేపంగా గట్టినేల మీదుంది. తిరగాల్సింది కుడిది. తిరిగింది ఎడమది! బురద నా చొక్కా మీదికి చిమ్ముతూ గిరగిరా. కుడిది పండక్కొచ్చిన కొత్తల్లుడిలా కదల్లేదు. పట్టు లేనివాడికే తిరుగుడంతా ఇస్తాడన్నమాట మన పెద్దమనిషి. మా తాతగారూ ఇంతే. ఊరు తిరిగే చిన్నబ్బాయికి సైకిలు కొనిచ్చి, అద్దకం బల్ల దగ్గర నిలబడే మా నాన్నకి ఆశీర్వచనం ఇచ్చారు. రుణమేళాల్లోనూ ఇదే యంత్రం పనిచేయడం కళ్ళారా చూశాను. 1827లో ఆవిరిబండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నది పెకర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడట. ఆయనది ఉమ్మడి కుటుంబమే అయ్యుంటుంది.

సరే, పోయిందేదో అదే వేయిస్తే గొడవ లేకపోయేది. మా మేనల్లుడు దిగాడు.

"మావయ్యా, 216 హైవే చూశావా ఎలా ఉందో! పాత పళ్ళే వేయిస్తావేంటి? మార్పించు."

డిఫరెన్సులో పెద్ద పళ్ళచక్రం క్రౌనుకి 41 పళ్ళు, దాన్ని తిప్పే చిన్నది పినియనుకి 8. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే షాఫ్టు అయిదు చుట్లు పైచిలుకు తిరగాలి. పినియనుకి 9 పళ్ళయితే నాలుగున్నర చాలు, బండి వేగం పుంజుకుంటుంది. తేడా ఒక్క పన్ను. బందరులో నా దవడపన్ను కట్టించుకున్న ఖర్చుకి ఇది పదింతలు, దానికైతే మత్తు ఇంజెక్షనైనా ఇచ్చారు.

విజయవాడ ఆటోనగర్ నుంచి జత వచ్చింది. ఇక మేస్త్రి మొదలెట్టాడు. "ఎలాగూ విప్పాం కదా బాబాయ్, క్లచ్ ప్లేటూ మార్చేద్దాం." ఎలాగూ విప్పాం కదా, ప్రెషర్ ప్లేటు. ఎలాగూ విప్పాం కదా, రిలీజ్ బేరింగు, జాయింటు క్రాసులు. నా జేబు కూడా ఎలాగూ విప్పారు కదా అని నేను నోరు మూసుకున్నాను.

ఒక్కచోట మాత్రం నోరు తెరిచాను. పళ్ళకి నీలం పూసి, తిప్పి, ముద్ర ఎక్కడ పడిందో చూస్తున్నాడు. "అంచుకి పడింది మేస్త్రీ, నడిమికి రాలేదు" అన్నాను. తెల్లబోయాడు. నలభై ఏళ్ళు టేకు అచ్చులు కొట్టినవాణ్ణి, రంగు ఎక్కడ తేలిందో నాకు చెప్పాలా? పలుచటి షిమ్ము వేసి మళ్ళీ తిప్పాడు. మూడోసారికి పంటి నడుమ చింతగింజంత ముద్ర, శుభ్రంగా.

ఇప్పుడు మోత లేదు. కాకపోతే స్పీడు ముల్లు తీగ గేర్‌బాక్సు దగ్గర్నుంచి వస్తుందట. బండి 60లో పోతుంటే ముల్లు 53 చూపిస్తోంది. పెట్టిన డబ్బు కంటికి కూడా ఆనదు.

"లోడేసి వంతెన ఎక్కించండి. వేగం పెంచాం కదా, లాగుడు తగ్గిందేమో చూద్దాం," అన్నాడు మేస్త్రి. పళ్ళెంలాంటి ఈ డెల్టాలో మాకు కొండంటే కాలవ వంతెనే.

లోడు కోసం కొట్టు తెరిచాను. ఒకప్పుడు కరక్కాయ నీళ్ళలో తడిపిన తానులు, మంజిష్ఠలో ఉడికినవి, కాలవలో ఉతకాల్సినవి పొద్దున రెండు ట్రిప్పులు, సాయంత్రం రెండు. ఇప్పుడు మా డిజైన్లే స్క్రీను మీద గంటలో లాగేసి కలంకారీ అనే అమ్ముతున్నారు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, కాగితం భద్రంగానే ఉంది. ఉన్న తానులన్నీ వేస్తే తొట్టి అడుగు కప్పింది.

పక్కింటాయన్ని అడిగి ధాన్యం బస్తాలు ఎక్కించాం. రెండో గేరులో మొరాయించి, మొదటి గేరులో ఎక్కింది.

బస్తాలు దింపుతుంటే ఆయనన్నారు, "బండి గట్టిగానే ఉంది బావగారూ. కోతలప్పుడు మాకు పంపరాదూ, కిరాయి ఇస్తాం."

పంపుతానన్నాను.