ఉప్పునీటి సంపుకు టీకా తాత్పర్యం

అవతారిక: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు సూర్యలంక తీరం బాపట్ల జిల్లాకు పోయింది. గుంటూరు జిల్లాకు గజం సముద్రం కూడా మిగల్లేదు. ఆ లోటును హాల్లో గాజు తొట్టి పెట్టి తీర్చుకోదలచిన పత్తి, మిర్చి సీమల రసికుల కోసం ఈ పద్యం. తాళపత్రాల్లో వెదకవద్దు, మూలమూ టీకా ఒకరివే.

మూలం:
పైన తొట్టి నిండి పల్లంబునకు జారు
క్రింది తొట్టి నుండి గెంటు మోట
మోట నిలుచు వేళ మునుగదే గది యెల్ల
చోటు విడువకున్న జూడు జాణ

టీక: జాణ = రంగుచేపలకు డబ్బు పోసిన ఓ నేర్పరీ; పైన తొట్టి = చుట్టాలు చూసే తొట్టి; పల్లంబునకు = కింద అలమారలో దాచిన సంపునకు; మోట = పూర్వం ఎద్దులు లాగినది, నేడు కరెంటు లాగునది; నిలుచు వేళ = ఆ కరెంటు పోయినప్పుడు; చోటు = సంపులో ఖాళీ; విడువకున్న = వదలకపోతే; గది యెల్ల = గది మొత్తం; మునుగదే = మునగదా; జూడు = నువ్వే లెక్క చూసుకో.

తాత్పర్యం: సంపులో నీళ్లు పట్టే చోటు కన్నా వదిలేసే చోటు ముఖ్యం.

విశేషాలు: ‘జారు’ అనడంలోనే కవి హృదయముంది. పైతొట్టి నీరు చెరువు అలుగులా అంచు మీదుగా పొర్లాలి. పైకి నీరు రావడం ఆగితే అలుగు తనంతట తనే ఆగుతుంది. ప్రమాదమంతా ‘గెంటు’ దగ్గర. నీటిని పైకి నెట్టిన గొట్టమే మోటారు ఆగగానే వెనక్కి లాగుతుంది. దాని మూతి ఎంత లోతున మునిగి ఉంటే అంత నీరూ దిగుతుంది.

లెక్క చూద్దాం. పైతొట్టి పొడవు 4 అడుగులు, వెడల్పు 1.5 అడుగులు. అందులో అంగుళం నీరంటే సుమారు 14 లీటర్లు. సంపు పొడవు 3 అడుగులు, వెడల్పు 1 అడుగు; అంగుళానికి 7 లీటర్లే. కాబట్టి పైన అంగుళం దిగితే కింద రెండంగుళాలు లేస్తుంది. 18 అంగుళాల ఎత్తున్న సంపును 12 దాకా నింపి, గొట్టం మూతిని 4 అంగుళాల లోతున పెట్టారనుకోండి. కరెంటు పోగానే కింద 8 అంగుళాలు లేవాలి, ఉన్నది 6. మిగతా 14 లీటర్ల ఉప్పునీరు నేల మీదికే. ‘మునుగదే మది యెల్ల’ అని పాఠాంతరం పెట్టినా ఛందస్సు చెడదు, నేల తుడిచేవారికి అదే ఎక్కువ నచ్చుతుంది కూడా.

శంక: నీటిని వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ గొట్టంలో పెడితే చాలదా?
సమాధానం: ఉప్పు పేరుకుంటే, చిన్న నత్త ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. మూతిని నీటిమట్టానికి దగ్గరగా పైకి తెచ్చి, మట్టానికి కొంచెం కిందగా గొట్టానికి చిన్న కంత పెట్టండి. నీరు అక్కడిదాకా దిగగానే గాలి చొరబడి లాగడం ఆగుతుంది. కంత పూడకుండా చూసుకోవాలి.

శంక: ఇన్వర్టర్ ఉంది కదా?
సమాధానం: మోటారు కడగడానికైనా ఆపరా?

మూలంలో లేనిది రాయనని కాళిదాసు కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఈ టీకాకారుడు అంతటివాడు కాదు గనుక సంపు లోపలి గదుల సంగతీ చెబుతాడు. మొదటి గదిలో స్కిమ్మర్ నురగతో పాటు మురికిని లాగేస్తుంది. చివరి గదిలో మోటారు. నడుమ మూడు గాజు పలకలు: ఒకదాని మీదుగా, తర్వాతిదాని కిందుగా, మళ్లీ మీదుగా నీరు నడిచి బుడగలు వదిలించుకుంటుంది.

ఇక మన ఎండలు. ఆవిరయ్యేది నీరు, ఉప్పు కాదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. తగ్గిన నీటికి బదులు మళ్లీ ఉప్పునీరే పోస్తే రోజురోజుకూ చిక్కబడుతుంది; పోయవలసింది ఆర్‌ఓ మంచినీరు. అలుగు వల్ల పైతొట్టి మట్టం మారదు, తగ్గేది మోటారు గదిలోనే. పైన నిండుగా ఉందని ఊరుకుంటే మోటారు గాలి పీలుస్తుంది. కింద తగ్గిందని అంచుదాకా పోస్తే పద్యం మూడో పాదం ఫలిస్తుంది.

చేపను తెచ్చే ముందు మామూలు నీళ్లు నింపి, మోటారు నడుస్తుండగా ప్లగ్గు పీకి చూడండి. దిగవలసినదంతా దిగాక సంపు అంచుకు ఇంకా రెండంగుళాలు మిగలాలి. మిగలకపోతే తోడేయండి. మిగిలితే మళ్లీ మోటారు వేసి, మోటారు గదిలో నీరు నిలిచిన చోట మార్కర్‌తో గీత గీసి, ఆ గీత దాటి చెంబుడు కూడా పోయవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.