డ్యూటీ డాక్టరు కావలెను, జీతం మాట అడగవలదు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దిక్కు పోయే దారిలో కరెంటు స్తంభాలు చదువుకుంటూ పోతే లోకజ్ఞానం బాగా అబ్బుతుంది. ప్లాట్లు అమ్మబడును, బోర్లు వేయబడును, ఆపరేషన్ లేకుండా మొలలకు వైద్యం. వీటి నడుమ ఎక్కడో ఒకచోట "డ్యూటీ డాక్టరు కావలెను" అన్న కాగితం తప్పకుండా ఉంటుంది. ప్లాట్లు అమ్ముడుపోతాయి, బోర్లు పడతాయి, ఈ కొలువు మాత్రం నిండదు. ఎందుకని అడిగితే నర్సింగ్ హోమ్ యజమాని నిట్టూరుస్తాడు: "డాక్టర్లు ఏడ దొరుకుతున్నరు సార్!"

దొరకకేం? ఘనపూర్‌లో మెడిసిటీ, కండ్లకోయలో సీఎంఆర్, సూరారంలో మల్లారెడ్డి మెడికల్ కాలేజీలు ఉన్నాయి. 2024లో కుత్బుల్లాపూర్‌కు సర్కారు మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. ఇవి చాలవన్నట్టు ఫిలిప్పీన్స్‌లో, జార్జియాలో, కిర్గిజ్‌స్తాన్‌లో చదివొచ్చిన పిల్లలు కాలనీకొకరు ఉన్నారు. ఏ దేశంలో చదివినా వీధిలో వాళ్ల పేరు "చైనా డాక్టరు", "రష్యా డాక్టరు". తండ్రి రెండెకరాలు అమ్మిన సంగతి ఆ బిరుదులోనే ఇమిడి ఉంటుంది.

ఈ చైనా డాక్టరును మనం ఊరికే వదలం. విదేశాల్లో చదివొచ్చినవాళ్లకు 2002 నుంచి ఎఫ్‌ఎంజీఈ అనే పరీక్ష ఉంది. 300 ప్రశ్నలు, 150 వస్తే గట్టెక్కినట్టు. గట్టెక్కేవాళ్లు తక్కువ, ఆరు నెలలకోసారి మళ్లీ కట్టేవాళ్లే ఎక్కువ. రోగి ప్రాణంతో వ్యవహారం కనుక పరీక్ష ఉండాల్సిందే, ఆ మాటకు నేనేమీ అడ్డు చెప్పను. 2021 నవంబరు నిబంధనల ప్రకారం 54 నెలల చదువు, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇక్కడికొచ్చాక మరో 12 నెలలు. సరే, అదీ కానివ్వండి. ఈ ఇంటర్న్‌షిప్‌కు ఫీజు గుంజవద్దని, సర్కారు కాలేజీలో మనవాళ్లకిచ్చే స్టైపెండే వీళ్లకూ ఇవ్వాలని జాతీయ వైద్య కమిషన్ 2022 మార్చిలో సర్క్యులర్ తీసింది. తీస్తే ఏమైంది? ఆ స్టైపెండ్ కోసం పిల్లలు సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఇద్దరికీ తేడా చూపించొద్దని 2024లో ఆ కోర్టే చెప్పాల్సి వచ్చింది.

ఇన్ని గండాలు దాటిన డాక్టరు ఆ స్తంభం మీది నంబరుకు ఫోన్ చేస్తాడు. అప్పుడు మొదలవుతాయి యజమాని గారి సొంత నిబంధనలు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కౌంటర్లో పెట్టి పోవాలి. రాత్రి డ్యూటీ, దానికి తోకగా మరుసటి పగలు. ల్యాబ్ పరీక్షలు "మన దగ్గరే" రాయాలి. జీతం? "ముందు పని చూస్తం, తర్వాత మాట్లాడుకుందం." ఇంతా చేస్తే అతనికి దక్కే గౌరవం ఏమిటంటే, గోడ మీద ఫ్రేములో రిజిస్ట్రేషన్ నంబరు. అసలు వాళ్లకు కావలసింది ఆ ఫ్రేమే. మనిషి వచ్చాడా రాలేదా అన్నది ఆ తర్వాతి విషయం. బయట బోర్డు మీద "24 గంటల వైద్యసేవ" అని ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. రాత్రి రెండింటికి వెళ్లి చూడండి, మేలుకుని ఉండేది ఆ బోర్డు ఒక్కటే.

ఇదే పిల్లవాడు అమెరికా పోతే కథ ఎలా ఉంటుందో చూడండి. 1994లో కెంట్ కాన్రాడ్ అనే సెనేటర్ పేరు మీద అక్కడ ఒక పద్ధతి వచ్చింది. జే-1 వీసా మీద శిక్షణకు వచ్చిన విదేశీ డాక్టరు రెండేళ్లు స్వదేశానికి వెళ్లి రావాలన్న నియమం తప్పించుకోవాలంటే, డాక్టర్లు కొరవడిన చోట వారానికి 40 గంటల చొప్పున మూడేళ్లు పనిచేయాలి. రాష్ట్రానికి ఏటా 30 మంది. విశేషం ఏమిటంటే అక్కడ యజమానికీ పరీక్ష ఉంది. అది నిజంగా కొరత ప్రాంతమేనని చూపాలి. ఒప్పందం రాతలో ఉండాలి. ఆ ప్రాంతంలో నడిచే జీతానికి తగ్గకూడదు. స్థానిక డాక్టరు కోసం వెతికాం, దొరకలేదు అనడానికి రుజువులు పెట్టమంటాయి చాలా రాష్ట్రాలు. "దొరుకుతలేరు" అన్న నిట్టూర్పు అక్కడ దరఖాస్తుకు జతపరచడానికి పనికిరాదు. ఆస్ట్రేలియాదీ దాదాపు ఇదే దారి, కాకపోతే అక్కడ డాక్టరును పదేళ్ల దాకా కొరత ప్రాంతానికి కట్టేస్తారు. వాళ్లేమీ పుణ్యాత్ములు కారు. మనం చదివించిన పిల్లల్ని పైసా ఖర్చు లేకుండా ఎగరేసుకుపోతున్నారు. కానీ ఎగరేసుకుపోయేవాడికి కూడా కాగితం మీద కొంత మర్యాద ఉంది.

విదేశాల నుంచి మేడ్చల్‌కు డాక్టర్లు రారని కూడా అనలేం. పిట్స్‌బర్గ్‌లో గుండె వైద్యుడైన డాక్టర్ పి.ఎస్. రెడ్డి, తోటి ప్రవాస వైద్యులు కలిసి ఘనపూర్‌లో మెడిసిటీ కట్టారు. ఆసుపత్రి కట్టడానికి వస్తే పూలదండ, అందులో పనిచేయడానికి వస్తే ఒరిజినల్స్!

ఈ కొరత పట్టని వైద్యుడు మన ప్రాంతంలో ఒక్కడే, ఆర్‌ఎంపీ. ఏ దేశం పోలేదు, ఏ పరీక్షా రాయలేదు. ఎవరూ ప్రకటన ఇవ్వకపోయినా శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో బండి మీద పిలవగానే వస్తాడు, సూది వేస్తాడు, బాకీ రాసుకుంటాడు. మెడికల్ కౌన్సిల్ వాళ్లు దాడికి వస్తే షట్టరు దించుతాడు, వాళ్లు పోగానే ఎత్తుతాడు. ఆ ఉద్యోగానికి ఖాళీ ఎక్కడా లేదు.

కాబట్టి నాదొక విన్నపం. ఎఫ్‌ఎంజీఈ నమూనాలోనే నర్సింగ్ హోమ్ యజమానులకూ ఆరు నెలలకోసారి ఒక పరీక్ష పెట్టాలి. 300 ప్రశ్నలు, 150 వస్తే పాసు. మొదటి ప్రశ్న: నిన్న రాత్రి మీ క్యాజువాల్టీలో ఉన్నదెవరు? (అ) గోడ మీది ఫ్రేములో ఉన్న డాక్టరు (ఆ) కాంపౌండరు (ఇ) ఫోన్‌లో అందుబాటులో ఉన్న డాక్టరు (ఈ) వాచ్‌మన్. ఎఫ్‌ఎంజీఈలో లాగే ఇందులోనూ నెగటివ్ మార్కులు ఉండవు, జవాబు తెలియకపోతే ఏదో ఒకటి దిద్దుకోవచ్చు. ఫెయిలైనా బెంగ అక్కర్లేదు, ఆరు నెలలాగి మళ్లీ రాసుకోవచ్చు. అందాకా ఆ "24 గంటలు" మీద సున్నం కొట్టించాలి, కొట్టించినట్టు ఒరిజినల్ రసీదు కౌంటర్లో పెట్టి పోవాలి.